జపాన్ సైన్యం విశాఖలో దిగి ఉంటే...

1942 జనవరి 18న బెర్లిన్‌లో జర్మనీ, ఇటలీ, జపాన్ సైనిక ప్రతినిధులు ప్రపంచ పటం ముందేసుకుని ఒక గీత గీసుకున్నారు. తూర్పు రేఖాంశం 70 డిగ్రీలు. దానికి పడమటి యుద్ధం జర్మనీ, ఇటలీలది. తూర్పు యుద్ధం జపాన్‌ది. ఆ గీత మన పటం మీద ఎక్కడ పడుతుందో చూస్తే ముందు నవ్వొస్తుంది, తర్వాత ఒళ్లు జలదరిస్తుంది. కరాచీ, ద్వారక, పోరుబందరు జర్మనీ వాటా. జామ్‌నగర్ ఇంచుమించు గీత మీదే. అక్కడి నుంచి ఇవతలకి బొంబాయి, ఢిల్లీ, హైదరాబాదు, మద్రాసు, విశాఖ అన్నీ జపాన్ పద్దులోకి. గాంధీగారు పుట్టిన ఊరు హిట్లర్‌కి, ఆయన ఆశ్రమం ఉన్న సేవాగ్రామ్ జపాన్ ప్రధాని టోజోకి!

అది సేనలు నడపడానికి పెట్టుకున్న హద్దే, రాజ్యాల పంపకం కాదు. కాకపోతే సైనికాధికారులు హడావుడిగా గీసిన గీతలు దేశాల సరిహద్దులై కూర్చున్న సందర్భాలు ఆ యుద్ధం తర్వాతే చూశాం. ఆ సంగతికి మళ్లీ వద్దాం.

రెండో ప్రపంచ యుద్ధంలో ఓడినవాళ్లు గెలిచి ఉంటే ఏమయ్యేదన్న ఊహ మీద బోలెడు సాహిత్యం పుట్టింది. ఫిలిప్ కె. డిక్ 1962లో రాసిన నవల ‘ది మ్యాన్ ఇన్ ది హై కాసిల్’లో అమెరికాని జర్మనీ, జపాన్ పంచుకుంటాయి. హ్యారీ టర్టిల్‌డవ్ అనే అమెరికన్ రచయిత 1988లో నాజీ సైన్యం భారత్‌ని పట్టుకున్నట్టు, గాంధీ వాళ్ల ముందు సత్యాగ్రహానికి కూర్చున్నట్టు ఒక కథ రాశాడు. ఈ సరదా చర్చిల్‌కీ ఉండేది. అమెరికా అంతర్యుద్ధం ఇంకోలా ముగిసి ఉంటే అంటూ 1931లో ఆయనే ఒక వ్యాసం రాశాడు. ఈ రాతల్లో చాలావాటికి ఏ కోట మీద ఏ జెండా ఎగిరేదన్న దాని మీదే ధ్యాస. బియ్యం బస్తా ఎవరింటికి చేరేది, రైలు వంతెన ఎవరు పేల్చేవాళ్లు, తుపాకి చివరికి ఎవరి చేతిలో మిగిలేది అన్న ప్రశ్నలు వాటికి పెద్దగా పట్టవు. మనకి పట్టాల్సినవి అవే. ఊహకి పగ్గం ఉండాలి కాబట్టి ఒక్క నియమం పెట్టుకుందాం. జపాన్ నిజంగా అడుగుపెట్టిన చోట్ల ఏం జరిగిందో దాన్ని బట్టే మన దగ్గర ఏం జరిగేదో చెప్పుకోవాలి.

ఆ ఏప్రిల్ వారం

మన కోస్తాకి జపాన్ ఎంత దగ్గరగా వచ్చిందో ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. మార్చి 8న రంగూన్. మార్చి 23న అండమాన్. పోర్ట్ బ్లెయిర్ నుంచి విశాఖకి సముద్రం మీద సుమారు 1,200 కిలోమీటర్లు. ఏప్రిల్ 5న, ఈస్టర్ ఆదివారం, అడ్మిరల్ నగుమో నౌకాదళం కొలంబో మీద విరుచుకుపడింది. పెర్ల్ హార్బర్‌ని కాల్చిన ఆరు విమాన వాహక నౌకల్లో ఐదు ఆ దండులో ఉన్నాయి. అదే సమయంలో అడ్మిరల్ ఒజావా ఇంకో దండుతో బంగాళాఖాతంలోకి చొరబడి ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచాడు. ఆయన వెంట ఉన్న ర్యూజో అనే చిన్న వాహక నౌక నుంచి లేచిన విమానాలే ఏప్రిల్ 6న కాకినాడ మీద, విశాఖ మీద బాంబులు వేశాయి.

బాంబుల నష్టం తక్కువే. భయం చేసిన నష్టం ఎక్కువ. విశాఖలో జనం మూటాముల్లె కట్టుకుని లోపలి ఊళ్లకి నడిచారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు వదిలి గుంటూరు చేరింది. మద్రాసులో సర్కారు ఆఫీసులు ఎత్తేసి లోపలి జిల్లాలకి తరలించారు, హైకోర్టు కోయంబత్తూరు వెళ్లింది. లక్షల్లో జనం నగరం ఖాళీ చేశారు. బాంబు దాడిలో బోనులు బద్దలై మృగాలు వీధుల్లోకి వస్తాయన్న భయంతో మద్రాసు జంతు ప్రదర్శనశాలలో సింహాల్ని, పులుల్ని మలబార్ పోలీసులతో కాల్పించారు. జపాన్ సైనికుడు ఒక్కడైనా ఒడ్డు ఎక్కకుండానే ఇంత జరిగింది.

విశాఖ బీచ్‌లో ఆ రోజుల నాటి కాంక్రీటు పిల్‌బాక్సు ఇప్పటికీ కనిపిస్తుంది. మందపాటి గోడలు, సముద్రం వైపు తుపాకి గొట్టం దూర్చడానికి సన్నటి సందు. లోపల ఇద్దరు ముగ్గురు ఇరుక్కుని కూర్చోవచ్చు. ఇలాంటివాటిని నమ్ముకుని ఒక తీరాన్ని కాపాడాలనుకున్నారంటే అప్పటి బ్రిటిష్ సైన్యం దగ్గర ఏముందో, ఏం లేదో తెలిసిపోతుంది.

ఏం మారితే దిగేవాళ్లు?

బ్రిటిష్ తూర్పు నౌకాదళానికి అప్పుడు అధిపతి సోమర్‌విల్. ఆయనకి ముందుగా అందిన వేగు ప్రకారం దాడి ఏప్రిల్ 1 ప్రాంతంలో రావాలి. సింహళానికి దక్షిణాన కాపుకాసి, ఎవరూ రాకపోయేసరికి నీళ్లకి, చమురుకి మాల్దీవుల్లోని అడ్డూ అనే రహస్య రేవుకి వెళ్లాడు. సరిగ్గా అప్పుడు నగుమో వచ్చాడు. ఆ రేవు ఉన్నట్టే జపాన్‌కి తెలియదు. ఏప్రిల్ 5 సాయంత్రం రెండు నౌకాదళాలూ ఒకదానికొకటి చాలా దగ్గరగా వచ్చి కూడా కలుసుకోకుండా పోయాయి. కలుసుకుని ఉంటే? నగుమో దగ్గర సుమారు 300 విమానాలు, ఆరితేరిన చోదకులు. సోమర్‌విల్ దగ్గరున్నవి అందులో మూడో వంతు కూడా లేవు. ఎదురుపడకుండానే ఆయన పెద్ద క్రూయిజర్లు రెండు ఆ ఒక్కరోజే పోయాయి, నాలుగు రోజులకి వాహక నౌక హెర్మిస్ పోయింది. మిగతా దళమూ అదే దారిలో వెళ్లి ఉండేది.

అయినా సరే, ఓడలు మునిగినంత మాత్రాన సైన్యం దిగదు. జపాన్ నౌకాదళంలో కొందరు సింహళాన్ని పట్టుకుందామని నిజంగానే ప్రణాళిక వేశారు. దానికి పదాతి దళం కావాలి. పదాతి దళం జపాన్ సైన్యం చేతిలో ఉంది. ఆ సైన్యానికీ నౌకాదళానికీ ఉన్న పడనితనం ముందు మన రాజకీయ పార్టీల ముఠా తగాదాలు ఏపాటి! చైనాలో లక్షల మంది ఇరుక్కుని ఉన్నారు, మంచూరియాలో రష్యా మీద ఓ కన్నేసి ఉంచాలి, మీకిచ్చే డివిజన్లు మా దగ్గర లేవు పొమ్మంది సైన్యం. జపాన్ నౌకాదళ సేనాని యమమోటో అటు మిడ్వే వైపు తిరిగాడు. జూన్ మొదటివారంలో అక్కడ నాలుగు వాహక నౌకలు మునిగాయి. అందులో అకాగి, సోర్యూ, హిర్యూ మూడూ రెండు నెలల ముందు కొలంబోని కాల్చినవే. కాకినాడ మీదికి విమానాలు పంపిన ర్యూజో ఆగస్టులో సాల్మన్ దీవుల దగ్గర మునిగింది.

కాబట్టి ఈ కథలో దారి చీలాల్సిన చోటు విశాఖా కాదు, కొలంబో కాదు. టోక్యోలో ఒక గదిలో. మార్చిలో సైన్యం సరేనని ఓ రెండు డివిజన్లు ఇచ్చి ఉంటే చాలు. సింహళం ఏప్రిల్‌లో పోయేది. ఆ తర్వాత కలకత్తా, మద్రాసుల మధ్య రైలు మార్గాన్ని తెంచాలనుకుంటే, 1933లో తెరిచిన సరికొత్త రేవు, దాని పక్కనే రైల్వే జంక్షన్ ఉన్న విశాఖ కంటే అనువైన చోటు ఈ తీరంలో లేదు.

ముందు ఎవరు పారిపోయేవాళ్లు

1941 డిసెంబర్‌లో మలయాలోని పెనాంగ్ నుంచి బ్రిటిష్‌వాళ్లు రాత్రికి రాత్రి తెల్లవాళ్లని ఓడలెక్కించి, ఆసియా జనాన్ని ఉన్నచోటే వదిలేసి వెళ్లారు. రంగూన్‌లో జైళ్ల తలుపులు, పిచ్చాసుపత్రి తలుపులు తెరిచి వెళ్లిపోయారు. పోతూ పోతూ సిరియంలో చమురు శుద్ధి కర్మాగారాన్ని పేల్చేశారు. రంగూన్ జనాభాలో అంతకు పదేళ్ల ముందు సగానికి పైగా భారతీయులే. రేవులో మూటలు మోసినవాళ్లలో మన శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాలవాళ్లు వేలల్లో ఉండేవాళ్లు. సుమారు ఐదు లక్షల మంది భారతీయులు ఆ ఏడు బర్మా వదిలి వచ్చారు. ఎక్కువమంది అడవుల్లో, కొండల్లో కాలినడకన. కలరాతో, ఆకలితో దారిలోనే పోయినవాళ్లు వేలకి వేలు. తెల్లవాళ్లకి మంచి దారి, నల్లవాళ్లకి చావు దారి కేటాయించారని గాంధీ, నెహ్రూ బాహాటంగా నిందించారు.

విశాఖలోనూ ఇదే వరస. ముందు రేవులో క్రేన్లు, బొగ్గు నిల్వలు పేలేవి. 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా ఓడల కార్ఖానా పునాదుల్లోనే పోయేది. వెనక్కి తగ్గే సైన్యం రాజమండ్రి దగ్గర హేవ్‌లాక్ వంతెనని వదిలేదా? 56 స్పాన్లతో గోదావరి మీద 1900 నుంచి నిలబడ్డ ఆ వంతెన ఒక్కటి కూలితే ఉత్తరాది నుంచి దక్షిణాదికి తూర్పు దారి మూసుకున్నట్టే. ఏ సైన్యాధికారికైనా మొదటి గురి అదే. కట్టినవాడే కూల్చేవాడు.

బియ్యం సంగతి

అసలు విషాదం ఇక్కడుంది. జపాన్ రాకముందే, వస్తుందేమోనన్న భయంతోనే, బ్రిటిష్ సర్కారు బెంగాల్ తీరంలో శత్రువు చేతికి తిండీ, రవాణా చిక్కకుండా చేసే పని మొదలుపెట్టింది. పదిమంది ఎక్కగల పడవల్ని లాక్కుంది. 66 వేల పడవల్లో 46 వేలు పోయాయి. చేపలు పట్టేవాడు, లంకల్లో సాగు చేసేవాడు, ధాన్యం చేరవేసేవాడు అందరూ ఒకేసారి కాళ్లు విరిగినట్టయ్యారు. బర్మా బియ్యం ఆగింది. తుపాను వచ్చింది. సర్కారు చూస్తూ కూర్చుంది. 1943లో ముప్ఫై లక్షల మంది చచ్చిపోయారని అంచనా.

ఇప్పుడు బెంగాల్ పటాన్ని పక్కనపెట్టి గోదావరి, కృష్ణా డెల్టాల పటం చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన నాటి నుంచి కాలువలే రోడ్లు. ధాన్యం పడవల్లోనే కదిలేది. ఆ పడవలు తీసేస్తే పంట కళ్లాల్లోనే ఉండిపోతుంది, కాకినాడ మిల్లుకి చేరదు. లాకులు బద్దలుకొడితే తర్వాతి పంటే ఉండదు. డెల్టా మిగులు బియ్యం మీద తమిళ జిల్లాలు, మలబార్ ఆధారపడి ఉండేవి. కాటన్ దొర పుణ్యమా అని అన్నం తిన్న జిల్లాల్లో ఆయన జాతివాళ్లే గంజి లేకుండా చేసి వెళ్లేవాళ్లు.

జపాన్ వచ్చాక బాగుపడేదా? వియత్నాంలో వాళ్ల సైన్యం ధాన్యం లాక్కుని, వరి చేలల్లో జనపనార వేయించింది. 1945 నాటికి అక్కడి ఉత్తరాది జిల్లాల్లో లక్షల మంది ఆకలితో పోయారు. బర్మాలో చలామణీకి జపాన్ సైన్యం రూపాయి నోట్లే అచ్చువేసింది. ముందు పగోడా బొమ్మ, మూలన బర్మాని సూచించే ‘బి’ అక్షరం, వెనక నిల్వల్లేని ఉత్త కాగితం. మన రూపాయి పేరుతోనే మన ధాన్యం కొనడానికి వాళ్లకి కొత్త అచ్చు కూడా అక్కర్లేదు, అక్షరం మారిస్తే సరిపోయేది.

సయామ్-బర్మా రైలు మార్గానికి మలయా తోటల నుంచి తమిళుల్నీ, తెలుగువాళ్లనీ తోలుకుపోయారు. మంచి కూలి, మూడు నెలల పని అన్నారు. ఆ మార్గం మీద చనిపోయిన ఆసియా కూలీలు సుమారు 90 వేలని అంచనా. మన దగ్గర అప్పటికే విశాఖ రేవు నుంచి మాంగనీసు ఎగుమతయ్యేది. ఆ మాంగనీసు గనులకి కూలీలు ఏ ఊళ్ల నుంచి వెళ్లేవాళ్లో ఊహించడం కష్టం కాదు.

విమోచకులు వచ్చారట

జపాన్ వచ్చి ఉంటే మనకి ఐదేళ్ల ముందే స్వాతంత్ర్యం వచ్చేదని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. టీ కొట్టు దగ్గర కాదు, చదువుకున్నవాళ్ల మధ్యే విన్నాను. వాళ్లకి నేతాజీ గుర్తొస్తాడు. 1942 ఏప్రిల్‌లో సుభాష్ బోస్ బెర్లిన్‌లో ఉన్నాడు. ఆయన జలాంతర్గామిలో బయల్దేరింది 1943 ఫిబ్రవరిలో. ఈలోగా జపాన్‌తో చేయి కలిపిన భారతీయుడు కెప్టెన్ మోహన్ సింగ్. భారత స్వాతంత్ర్యాన్ని గౌరవిస్తామని రాతపూర్వకంగా మాటివ్వమని అడిగాడు. టోక్యో ఇవ్వలేదు. గట్టిగా నిలదీసినందుకు ఆ డిసెంబర్‌లో ఆయన్నే నిర్బంధించారు. దిగిన సైన్యానికి విశాఖలో పలికే పెద్దమనిషి ఎవరైనా ఆయన గతి ఇంతే.

ఇక్కడ ఊహే అక్కర్లేదు. జపాన్ ఏలుబడి భారత గడ్డ మీద మూడేళ్లకి పైగా సాగింది, అండమాన్‌లో. 1943 డిసెంబర్ చివర నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేశాడు. ఆయన్ని సెల్యులార్ జైలు చూపించడానికి తీసుకెళ్లారు. అదే జైల్లో గూఢచారులన్న నేరం మోపి హింసిస్తున్న స్థానికుల గొంతు మాత్రం ఆయనకి చేరనివ్వలేదు. కొద్దిరోజుల్లోనే వాళ్లలో ఒకరైన డాక్టర్ దివాన్ సింగ్ అక్కడ చిత్రహింసలతో మరణించాడు. జనవరి 30న హంఫ్రీగంజ్ దగ్గర 44 మందిని వరసగా నిలబెట్టి కాల్చారు. వాళ్లలో చాలామంది జపాన్ ప్రోత్సాహంతోనే నడిచిన ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ సభ్యులు.

నిజాం నవాబు సంగతి ఇంకా ఆసక్తికరం. జపాన్‌కి రాజులంటే ముచ్చటే, మాట వినేవాళ్లయితే. మంచూరియాలో చైనా ఆఖరి చక్రవర్తిని గద్దెనెక్కించింది. మలయాలో నాలుగు రాష్ట్రాలు తెంచి 1943లో థాయ్‌లాండ్‌కి బహుమానంగా ఇచ్చింది. హైదరాబాదుకి సముద్రం లేదు. 1766లో కంపెనీకి వదులుకున్న సర్కారు జిల్లాల్ని, మచిలీపట్నం రేవుతో సహా, ‘మీవి మీకే’ అని జపాన్ ఆశ చూపిస్తే ఉస్మాన్ అలీఖాన్ ఏమనేవాడు? బ్రిటిష్ విమానాలకి విరాళాలిచ్చిన ప్రభువు ఆయన. గాలి ఎటు వీస్తోందో కనిపెట్టడం మాత్రం తెలియనివాడు కాదు.

తుపాకి ఎవరి చేతిలో

జపాన్ దిగితే ఏం చేయాలంటే, గాంధీ అహింసాత్మక సహాయ నిరాకరణ అన్నాడు. నెహ్రూ ఆ వేసవిలో గెరిల్లా పోరాటం మాటెత్తాడు. కాంగ్రెస్‌కి ఆ విద్య రాదు. వచ్చినవాళ్లు వేరే ఉన్నారు. హిట్లర్ రష్యా మీద పడ్డాక కమ్యూనిస్టులు ఇది ప్రజాయుద్ధం అన్నారు, 1942 జూలైలో పార్టీ మీద నిషేధం తొలగింది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో వాళ్లకి రైతు సంఘాలు, గ్రామ దళాలు, పుచ్చలపల్లి సుందరయ్య లాంటి నిర్మాత ఉన్నారు. తూర్పున అల్లూరి సీతారామరాజు ఇరవై ఏళ్ల కిందటే బ్రిటిష్‌వాళ్లని ముప్పుతిప్పలు పెట్టిన మన్యం ఉంది.

జపాన్ ఏలిన చాలా దేశాల్లో ఇలాంటి కథే నడిచింది. మలయాలో, ఫిలిప్పీన్స్‌లో, వియత్నాంలో కమ్యూనిస్టులు అడవుల్లోకి వెళ్లి పోరాడారు. మలయాలో, వియత్నాంలో వాళ్లకి మిత్రరాజ్యాలే ఆయుధాలిచ్చాయి. యుద్ధం ముగిశాక ఆయుధాలన్నీ కింద పెట్టలేదు. 1946లో ఫిలిప్పీన్స్ రగిలింది, 1948లో మలయా రగిలింది, వియత్నాం గురించి చెప్పేదేముంది. మన దగ్గర 1946 జూలైలో కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో రాజుకున్న తెలంగాణ సాయుధ పోరాటం ఎక్కువగా గుత్పలతో, ఒడిసెలలతో, నాటు తుపాకులతో మొదలైంది. దానికి బదులు అది 1943లోనే కోస్తాలో, కలకత్తా నుంచి విమానాల్లో జారవిడిచిన స్టెన్ గన్‌లతో మొదలై ఉంటే? 1948లో హైదరాబాదుని భారత్‌లో కలిపిన జనరల్ చౌధురి సేనలకి అది ఐదు రోజుల పనిగా తేలేది కాదు. అప్పటికి ఆయన్ని పంపే స్వతంత్ర భారత్ ఉండేదా అన్నది ఇంకో ప్రశ్న.

ఎందుకంటే జపాన్ ఎలాగూ ఓడేది. సింహళం పోతే ఈజిప్టుకి సరుకులు నడిచే దారి తెగేది, ఆబదాన్ చమురు ప్రమాదంలో పడేది, ఎల్ అలమేన్‌లో రోమెల్ గెలిచి ఉండొచ్చు కూడా. అంతా ఒప్పుకుందాం. అమెరికా ఓడల కార్ఖానాలు మాత్రం ఆగవు. 1945 ఆగస్టుకి అణుబాంబు సిద్ధం. ఆలోగా విశాఖని తిరిగి పట్టుకోవడానికి ఎవరో ఒకరు రావాలి. మనీలాలో అదే పని జరిగినప్పుడు ఒక్క నెలలో సుమారు లక్షమంది పౌరులు చనిపోయారు. పాత నగరంలో చాలా చర్చిలు నేలమట్టమయ్యాయి. విశాఖ రేవు పక్కన డాల్ఫిన్స్ నోస్ కొండలో దాగిన జపాన్ ఫిరంగిని పెకలించాలంటే పాత ఊరు వన్ టౌన్ మిగిలేది కాదు.

ఇక గీతల సంగతి. 1945 ఆగస్టులో కొరియాని 38వ అక్షాంశం దగ్గర ఇద్దరు అమెరికన్ అధికారులు ఓ మామూలు పటం చూసి విడదీశారు. వియత్నాంని పోట్స్‌డామ్‌లో 16వ అక్షాంశం దగ్గర కోశారు, పైన చైనా సేనలు, కింద బ్రిటిష్ సేనలు. ఆ 16వ గీతే పడమరకి పొడిగిస్తే మన దగ్గర బాపట్లకి కాస్త పైగా, కర్నూలుకి కాస్త పైగా పోతుంది. లొంగిపోయిన జపాన్ సైన్యాన్ని గుంటూరులో ఒకరు, ఒంగోలులో ఇంకొకరు స్వాధీనం చేసుకునే ఏర్పాటు ఎవరికైనా తట్టి ఉంటే దేశ విభజన మతం పేరు మీద పంజాబులో కాక, సైన్యాల పేరు మీద ఇక్కడ జరిగేది. డచ్చివాళ్లు ఇండోనేషియాకి, ఫ్రెంచివాళ్లు వియత్నాంకి తిరిగొచ్చి యుద్ధాలు చేశారు. జపాన్ చేతిలో పోగొట్టుకున్నది తిరిగి తీసుకోవడం వాళ్లకి పరువు ప్రశ్న. బ్రిటన్ 1947లో ఓడెక్కి వెళ్లడానికి ఒక కారణం, ఇక్కడ పోగొట్టుకుని మళ్లీ గెలవాల్సిన పరిస్థితి రాకపోవడమేనని నా అనుమానం.

ఇంతవరకూ జరగనిదాని గురించి. జరిగిన బాంబు దాడి కూడా ఊరికే పోలేదు. ఆ రోజు బ్రిటిష్ సర్కారు పంపిన క్రిప్స్ ఢిల్లీలో కాంగ్రెస్‌తో బేరాలాడుతున్నాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఊళ్లు ఖాళీ అవుతుంటే సర్కారు చేతులెత్తేయడం చూసి రాజాజీ సహనం నశించింది. ఏప్రిల్ 23న మద్రాసు కాంగ్రెస్ శాసనసభ్యుల చేత, ముస్లిం లీగ్ అడుగుతున్న విభజన హక్కుని ఒప్పుకుని అయినా జాతీయ ప్రభుత్వం ఏర్పాటు చేయాలని తీర్మానం చేయించాడు. అలహాబాదులో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ దాన్ని 120-15 ఓట్లతో తోసిపుచ్చింది. ఆయన కాంగ్రెస్ వదిలేశాడు. అందువల్ల క్విట్ ఇండియా నాడు మిగతా నాయకులంతా జైళ్లలో ఉంటే ఆయన బయట ఉన్నాడు. బయట ఉండి తయారుచేసిన సూత్రం మీదే 1944 సెప్టెంబర్‌లో గాంధీ, జిన్నా బొంబాయిలో కూర్చుని మాట్లాడుకున్నారు. కాకినాడ రేవు మీద ఆ రోజు విమానాలు రాకపోయి ఉంటే రాజాజీ అంత తొందరపడేవాడా, ఆ మాటలు అసలు జరిగేవా?